కార్యముల 28వ అధ్యాయం తర్వాత పౌలు ఎక్కడికెళ్లాడు?

బైబిల్లోని అపొస్తలుల కార్యములు పుస్తకం 28వ అధ్యాయంతో ముగిసిపోతుంది, ఆ తర్వాత అపొస్తలుడు పౌలు ఎక్కడికెళ్లాడని అడిగారు. మీరు ఒకటే అడిగానన్నారు గానీ, మీ ప్రశ్నలో మూడున్నాయండీ. రోములో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్న పౌలు అక్కడే చనిపోయాడా, బయటపడ్డాడా? బయటపడితే అనుకున్నట్టు స్పెయిన్ వెళ్లాడా? వాట్సాప్‌లో తిరుగుతున్న ‘అపొస్తలుల కార్యములు 29వ అధ్యాయం’ నిజమేనా? మూడోదానికి జవాబు ఒక్క ముక్క: కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను. మొదటి రెండూ అంత తేలిగ్గా తేలవు. చాలా ఏళ్లు బైబిలు కళాశాలలో సంఘ చరిత్ర చెప్పినవాణ్ని, ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. కాస్త ఓపిగ్గా చదవండి.

బైబిలు వెనక పటాల్లో పౌలు మొదటి, రెండవ, మూడవ సువార్త ప్రయాణాలు, తర్వాత రోముకు ఓడ ప్రయాణం ఉంటాయి. కొన్ని స్టడీ బైబిళ్లలో ఇంకో చుక్కల గీత కూడా కనిపిస్తుంది. రోము నుంచి స్పెయిన్, అక్కడి నుంచి క్రేతు, ఎఫెసు, మాసిదోనియ, నికొపొలి, మళ్లీ రోము. చూస్తే ఎవరో దినచర్య రాసిపెట్టారేమో అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. ఆ గీతలో తూర్పు సగానికి ఆధారం పౌలు పేరున్న ఉత్తరాలు. పడమటి సగానికి ఆధారం తర్వాతి తరాల వాళ్లు చెప్పిన మాట. ఉత్తరాల్లో క్రేతు ఉన్నచోట స్పెయిన్ ఊసే లేదు. స్పెయిన్ మాట చెప్పిన పాతవాళ్లు క్రేతు ప్రయాణం ఎత్తలేదు. ఈ రెంటినీ కలిపి ఒకే ప్రయాణంగా కుట్టింది మనమే. అందుకే విడివిడిగా చూడాలి.

ముందు విడుదల సంగతి. క్రీ.శ. 60 ప్రాంతంలో రోము చేరిన పౌలు, ఒక సైనికుడి కాపలాలో, సొంత అద్దె ఇంట్లో, వచ్చినవాళ్లందరితో మాట్లాడుతూ రెండేళ్లు గడిపాడని చెప్పి, కార్యములు రాసిన లూకా కలం పక్కన పెట్టేశాడు. తీర్పు ఏమైందో చెప్పలేదు. కేసు మాత్రం బలహీనమైనదే. చక్రవర్తికి ఏమని రాయాలో తెలియక యూదయ అధిపతి ఫేస్తు తల పట్టుకున్నాడు. కైసరుకు చెప్పుకొంటానని అనకపోతే ఈ మనిషిని వదిలేయొచ్చని అగ్రిప్ప రాజే అన్నాడు. రెండేళ్లు అని లెక్క చెప్పాడంటే ఆ రెండేళ్ల చివర ఏదో జరిగిందని లూకాకు తెలిసే ఉండాలి. అటు ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో నాకోసం బస సిద్ధం చెయ్యి అంటాడు పౌలు. ఫిలిప్పీయులకు త్వరలో వస్తానన్న నమ్మకముందని రాస్తాడు. ఆ రెండూ రోము నుంచే రాశాడన్నది పాత అభిప్రాయం, ఎఫెసు నుంచనో కైసరయ నుంచనో అనేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వాటిమీద మరీ బరువు పెట్టను.

నేను బరువు పెట్టేది 2 తిమోతి, అంటే తిమోతికి రాసిన రెండవ ఉత్తరం మీద. ఆ ఉత్తరంలోని చెర వేరు. ఒనేసిఫోరు అనే ఆయన రోముకు వచ్చి, పౌలు ఎక్కడున్నాడో శ్రద్ధగా వెతికి మరీ కనుక్కున్నాడట. కార్యముల చివరి అధ్యాయంలో పౌలు ఇంటిని వెతుక్కోవాల్సిన పనే లేదు, జనం గుంపులుగా వచ్చారు. ఇక్కడేమో మొదటిసారి సమాధానం చెప్పుకున్నప్పుడు పక్కన ఎవరూ నిలబడలేదంటాడు. దేమా వదిలేసి వెళ్లాడు, లూకా ఒక్కడే తోడున్నాడు, నేను వెళ్లిపోయే కాలం దగ్గరపడింది అంటాడు. ఒకే చెర రానురాను బిగుసుకుందని వాదించవచ్చు, వాదించారు కూడా. కానీ ఆ వాదన త్రోఫిము దగ్గర ఇరుక్కుంటుంది.

ఈ త్రోఫిము ఎఫెసువాడు, అన్యజనుల్లోంచి వచ్చినవాడు, అంటే యూదుడు కాదు. 2 తిమోతి 4:20 ప్రకారం అతనికి జబ్బు చేస్తే పౌలు మిలేతులో వదిలి వచ్చాడు. పౌలు మిలేతులో ఆగినట్టు కార్యముల్లో ఒక్కసారే ఉంది, మూడో ప్రయాణం చివర యెరూషలేముకు వెళ్తూ. అప్పుడు త్రోఫిము జబ్బుపడి అక్కడ ఉండిపోలేదు. యెరూషలేముదాకా వచ్చాడు. అసలు అతన్ని ఊళ్లో పౌలుతో చూసి, దేవాలయంలోకి అన్యుణ్ని తెచ్చాడని అనుకోబట్టే అంత అల్లరి జరిగింది, పౌలు అరెస్టయ్యాడు. (హద్దు దాటిన పరాయివాడికి చావే గతి అని ఆ దేవాలయంలో గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయిని 1871లో క్లెర్మో గన్నో అనే ఫ్రెంచి పండితుడు కనుగొన్నాడు. అది ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అల్లరి ఎందుకంత ముదిరిందో ఆ రాయి చదివితే అర్థమవుతుంది.) ఆ తర్వాత ఖైదీగా రోముకు వెళ్లిన ఓడ దారిలో మిలేతు లేదు. సీదోను, ముర, క్నీదు మీదుగా క్రేతు చాటుకు వెళ్లింది. మరి త్రోఫిమును పౌలు మిలేతులో ఎప్పుడు వదిలినట్టు? ఆ వాక్యం నిజమైతే, రోము చెర తర్వాత పౌలు మళ్లీ ఈజియన్ సముద్రపు ఒడ్డుకు వచ్చి ఉండాలి.

త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసిన అంగీ కూడా అలాంటిదే. వచ్చేటప్పుడు దాన్నీ పుస్తకాలనూ, ముఖ్యంగా చర్మపు కాగితాలనూ తీసుకురమ్మని తిమోతిని అడుగుతాడు, చలికాలం రాకముందే రమ్మని బతిమాలతాడు. కార్యముల్లో పౌలు త్రోయలో చివరిసారి ఉన్నది 57 ప్రాంతంలో. అంగీ అప్పటిదే అయితే ఏడెనిమిదేళ్లపాటు దాని మాటెత్తకుండా ఇప్పుడు గుర్తుచేసుకోవడం వింతగా ఉంటుంది. ఈమధ్య వదిలినదైతే సహజంగా ఉంటుంది. మనిషి అంగీ వదిలి వెళ్లాడంటే ఎండాకాలమైనా అయ్యుండాలి, తొందరగానైనా బయల్దేరి ఉండాలి. రెండో అరెస్టు త్రోయలోనే జరిగిందని కొందరు ఊహించింది దీన్ని పట్టుకునే. ఊహ బాగుంది, అంతకు మించి ఏమీ చెప్పలేం.

క్రేతు విషయం ఇంకా సూటిగా ఉంది. ఊరూరా పెద్దలను నియమించమని తీతును క్రేతులో వదిలి వచ్చానంటాడు పౌలు. కార్యముల్లో పౌలు క్రేతు చూసింది ఖైదీగా, అదీ మంచిరేవులు అనే చోట, 276 మందితో వెళ్తున్న ఓడ గాలికి ఆగినప్పుడు. శతాధిపతి కాపలాలో ఉన్నవాడు దీవంతా తిరిగి ఊరూరా సంఘాలు కట్టడం కుదిరే పని కాదు. పైగా కార్యముల పుస్తకం మొత్తంలో తీతు పేరే లేదు. అదే ఉత్తరం చివర, అర్తెమానో తుకికునో పంపగానే నువ్వు నికొపొలికి వచ్చెయ్యి, చలికాలం అక్కడ గడపాలని నిర్ణయించుకున్నాను అని రాశాడు.

నికొపొలి అన్న పేరుతో చాలా ఊళ్లుండేవి. ఎక్కువమంది చెప్పేది గ్రీసు పడమటి తీరంలో, ఇప్పటి ప్రెవెజా పక్కన ఉన్నదాన్ని. క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధం గెలిచాక ఔగుస్తు కట్టించిన ఊరది. గోడలు, నాటకశాల ఈనాటికీ నిలిచి ఉన్నాయి. చలికాలం అన్న మాటను ఇక్కడ తేలిగ్గా తీసుకోకండి. ఆ రోజుల్లో నవంబరు నడిమి నుంచి మార్చి మొదటి వారం దాటేదాకా మధ్యధరా సముద్రం మీద ఓడలు దాదాపు కదిలేవి కావు. ఎక్కడ చిక్కితే అక్కడే నాలుగు నెలలు. అందుకే పౌలు ఉత్తరాల్లో ఎక్కడ చలికాలం గడపాలన్నది పెద్ద నిర్ణయం. నికొపొలి అందుకు తగ్గ చోటు. వసంతం రాగానే ఇటలీకి దాటొచ్చు, ఉత్తరాన ఇల్లూరికు వైపూ పోవచ్చు. తర్వాత 2 తిమోతిలో తీతు దల్మతియకు వెళ్లాడని ఉంది. నికొపొలి నుంచి చూస్తే అదే తీరం పైభాగం. ఆ రెండు వాక్యాలూ వేర్వేరు ఉత్తరాల్లో ఉండి కూడా పటం మీద ఒకదానికొకటి సరిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇంతా చెప్పాక అసలు చిక్కు దాచిపెడితే న్యాయం కాదు. తిమోతి, తీతు పేర్లతో ఉన్న ఈ మూడు ఉత్తరాలూ పౌలు స్వయంగా రాసినవి కావని ఈ కాలపు విశ్వవిద్యాలయ పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1807లో జర్మను పండితుడు ష్లయర్‌మాహర్ 1 తిమోతి మీద మొదలుపెట్టిన వాదన అది. పదజాలం తేడా, సంఘంలో పెద్దల వ్యవస్థ బాగా ముదిరి కనిపించడం, 2వ శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు చేసుకున్న పౌలు ఉత్తరాల జాబితాలో ఇవి లేకపోవడం, ఇవన్నీ కారణాలు. పాస్టర్లు చాలామంది ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేస్తారు, ఆ మాట ఎత్తినవాణ్ని అవిశ్వాసి అంటారు. అటు వాదించేవాళ్లేమో అంగీ, చర్మపు కాగితాలు, అన్నీ కట్టుకథేనని ఒక్క దెబ్బతో తుడిచేస్తారు. రెండూ తొందరపాటే.

అంగీలాంటి చిన్న వివరాలు దొంగ ఉత్తరాల్లో ఉండవని మనవాళ్లు గట్టిగా చెబుతుంటారు. ఆ వాదన నిలవదు. ప్లేటో పేరుతో చలామణీ అయిన ఉత్తరాల్లో, అనుమానం ఎక్కువగా ఉన్న 13వదాంట్లో, ఇంటి సామాన్ల ముచ్చట్లు బోలెడున్నాయి. నేను పట్టుకునేది వేరే కొసను. పౌలు చనిపోయిన కొన్నేళ్లకు ఎవరో శిష్యుడు రాశాడనే అనుకుందాం. ఆ శిష్యుడు, చదివినవాళ్లు, పౌలును ఎరిగిన తరానికి దగ్గరివాళ్లు. కట్టుకథ అల్లేవాడు కార్యముల పుస్తకాన్ని పక్కన పెట్టుకుని దానికి సరిపడేలా అల్లుతాడు. త్రోఫిము విషయంలో దానికి పూర్తిగా అడ్డం తిరగడు. అంటే పౌలు రోము నుంచి తిరిగొచ్చి ఈజియన్ ఒడ్డున మళ్లీ తిరిగాడన్న జ్ఞాపకం ఆ సంఘాల్లో ఉండి ఉండాలి. 2 తిమోతిలో పేర్లూ ఊళ్లూ ఉన్న ఆ చివరి భాగం వరకు నాకు నమ్మకం ఎక్కువ. 1 తిమోతి దగ్గర అంత ధీమాగా మాట్లాడను.

దీనికి నిజంగా ఇబ్బంది పెట్టే వాక్యం ఒకటుంది, దాన్ని ఎవరూ మిమ్మల్ని అడగరు, నేను అడుగుతాను. కార్యములు 20:25లో పౌలు ఎఫెసు పెద్దలతో మీరు ఇకమీదట నా ముఖం చూడరని తెలుసు అంటాడు. వాళ్లు మెడమీద పడి ఏడ్చింది ఆ మాటకే. పౌలు తర్వాత ఆ ప్రాంతానికి తిరిగొచ్చి ఉంటే, అంతా అయ్యాక రాస్తున్న లూకా ఆ మాటను అలాగే ఎందుకుంచాడు? పౌలు చెప్పింది చెప్పినట్టు రాశాడు, అది జోస్యం కాదు అనవచ్చు. 1 తిమోతి 1:3లో కూడా పౌలు ఎఫెసులో అడుగుపెట్టాడని లేదు, మాసిదోనియకు వెళ్తూ తిమోతిని ఎఫెసులో ఉండమన్నాడనే ఉంది. మిలేతు నుంచి ఎఫెసు నేరుగా సుమారు 50 కిలోమీటర్లు. దగ్గరికొచ్చి ఊళ్లోకి వెళ్లకపోవడం పౌలుకు కొత్తేం కాదు, మూడో ప్రయాణం చివర్లోనూ ఆగకుండా ఎఫెసు దాటేశాడు. ఈ జవాబులు పనికొస్తాయి గానీ ఆ ఇబ్బంది పూర్తిగా పోదు.

ఇక స్పెయిన్. వెళ్లాలనుకున్నాడనడంలో ఎవరికీ అనుమానం లేదు. రోమా పత్రిక, అంటే రోము సంఘానికి రాసిన ఉత్తరం, పౌలుదేనని అందరూ ఒప్పుకుంటారు, 57 ప్రాంతంలో కొరింథు నుంచి రాశాడు. 15వ అధ్యాయంలో రెండుసార్లు స్పెయిన్ పేరెత్తాడు. యెరూషలేము నుంచి ఇల్లూరికు దాకా నా పని అయిపోయింది, ఈ ప్రాంతాల్లో ఇక చోటు లేదు, స్పెయిన్ వెళ్తూ మిమ్మల్ని చూసి మీ సాయంతో ముందుకు సాగుతాను అంటాడు. సాయమంటే ప్రార్థనొక్కటే కాదు. దారి ఖర్చు, తోడు మనుషులు, లాటిను మాట్లాడేవాళ్లు కూడా. పౌలు ఉత్తరాలన్నీ గ్రీకులో ఉన్నాయి, పడమట నడిచేది లాటిను. ఎక్కడికెళ్లినా ముందు సమాజమందిరం వెతుక్కోవడం అతని పద్ధతి. 1వ శతాబ్దపు స్పెయిన్‌లో యూదుల సమాజమందిరాలకు గట్టి ఆధారాలు దొరకలేదు. ఆ పని ఎంత కష్టమో పౌలుకు తెలియక కాదు.

దూరం మాత్రం మనం ఊహించుకునేంత కాదు. రోము రేవు ఓస్తియా నుంచి స్పెయిన్ దగ్గరి తీరానికి గాలి అనుకూలిస్తే నాలుగో రోజుకు, దూరపు కొసన ఉన్న గాదేసు, అంటే ఇప్పటి కాదిజ్, నుంచి ఓస్తియాకు ఏడో రోజుకు ఓడలు చేరేవని పెద్ద ప్లినీ రాశాడు. అవి బాగా వేగంగా నడిచిన ఓడల లెక్కలే అనుకోండి, అయినా కైసరయ నుంచి రోముకు నెలల తరబడి పడిన పాట్ల ముందు ఇది తేలిక ప్రయాణం. ఇంకో ముచ్చట. కొరింథులో పౌలు మీద వచ్చిన కేసును వినకుండానే కొట్టేసిన గల్లియోను తత్వవేత్త సెనెకాకు అన్న, పుట్టింది స్పెయిన్‌లోని కోర్దోబాలో. డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి గల్లియోను అక్కడ అధిపతిగా ఉన్నది 51-52లో. పౌలు ఏ సంవత్సరంలో ఎక్కడున్నాడో లెక్కగట్టడానికి మనకున్న గట్టి మేకు అదే.

వెళ్లాడని ఎవరన్నారు? మొదటి సాక్షి రోము సంఘం తరఫున 96 ప్రాంతంలో కొరింథుకు ఉత్తరం రాసిన క్లెమెంతు. పౌలు ఏడుసార్లు సంకెళ్లు మోశాడు, దేశబహిష్కారం పొందాడు, రాళ్ల దెబ్బలు తిన్నాడు, పడమటి అంచు దాకా వెళ్లి అధిపతుల ఎదుట సాక్ష్యమిచ్చి లోకం విడిచాడు అంటాడు. పడమటి అంచు అంటే రోమే అని కొందరు. తూర్పు నుంచి చూసేవాడికి కావచ్చు, రోములో కూర్చుని రాసేవాడు తన ఊరినే లోకపు పడమటి అంచు అనుకోవడం నాకు మింగుడుపడదు. కాకపోతే రోమా పత్రిక చదివినవాడు, అనుకున్నది జరిగే ఉంటుందని రాసి ఉండవచ్చన్న అనుమానం మిగులుతుంది. అయినా పౌలు చనిపోయి ముప్పై ఏళ్లే, అదే ఊరు, అతన్ని ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉండాలి. దేశబహిష్కారం అన్న మాటను పట్టుకుని, పౌలు స్పెయిన్‌కు సువార్తికుడిగా కాక బహిష్కృతుడిగా వెళ్లాడని ఇంకో ఊహ కూడా ఉంది.

తర్వాత మిలాను గ్రంథాలయంలో మురటోరి కనుగొని 1740లో అచ్చువేసిన తునక, కొత్త నిబంధన పుస్తకాల పాత జాబితా ఒకటి. దాన్ని ఎక్కువమంది 2వ శతాబ్దం చివరిదంటారు, 4వ శతాబ్దమనేవాళ్లూ ఉన్నారు. లూకా తన కళ్లెదుట జరిగినవే రాశాడు కాబట్టి పేతురు శ్రమనూ, పౌలు రోము నుంచి స్పెయిన్‌కు బయల్దేరడాన్నీ వదిలేశాడని అందులో ఉంది. పేతురు కార్యములు అనే పాత కథా పుస్తకం కూడా పౌలు ఓడెక్కి స్పెయిన్ వెళ్లడంతో మొదలవుతుంది. తీరా స్పెయిన్‌లో ఏం చేశాడో చెప్పదు. అద్భుతాలు పేజీలకు పేజీలు అల్లినవాడి దగ్గర కూడా స్పెయిన్ గురించి చెప్పడానికి ఒక్క ఊరి పేరు లేదు. ఇది నాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఎదుటి పక్షాన ఉన్న సాక్షి ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 416లో రోము బిషప్పు మొదటి ఇన్నోసెంటు ఒక ఉత్తరంలో, ఇటలీ, గాలు (ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతం), స్పెయిన్, ఆఫ్రికా, సిసిలీల్లో సంఘాలు పెట్టింది పేతురూ అతని వారసులూ నియమించినవాళ్లేనని, వేరే అపొస్తలుడు అక్కడ బోధించినట్టు ఎక్కడైనా ఉంటే చూపమని సవాలు చేశాడు. రోము అధికారం కోసం చేసిన వాదన అది, పక్షపాతం లేకపోలేదు. అయినా స్పెయిన్‌లో పౌలు పెట్టిన సంఘం ఒక్కటున్నా ఆయన ఆ మాట అనగలిగేవాడు కాదు. స్పెయిన్‌లో క్రైస్తవులున్నారని మనకు తెలిసేది 180 ప్రాంతంలో బిషప్పు ఇరేనియసు రాసిన ఒక్క వాక్యం నుంచి. తేదీతో సహా నిక్కచ్చిగా తెలిసేది 259లో, తార్రగోనా ఆంఫిథియేటరులో బిషప్పు ఫ్రుక్తువోసునూ ఇద్దరు డీకన్లనూ కాల్చి చంపినప్పుడు. తార్రగోనావాళ్లు పౌలు మా ఊరే వచ్చాడంటారు. పౌలు శిష్యురాలిగా చెప్పుకునే తెక్లా ఆ ఊరికి రక్షక పునీతురాలు, సెప్టెంబరులో పండగ. భక్తి సంగతి సరే, ఆ నమ్మకం మధ్యయుగాలకంటే వెనక్కి పోదు.

నా అంచనా అడుగుతారు కాబట్టి చెబుతాను. పౌలు స్పెయిన్‌లో అడుగుపెట్టి ఉండవచ్చు. క్లెమెంతును నేను అంత తేలిగ్గా తోసెయ్యను. కానీ అక్కడ పని సాగలేదు, సంఘం నిలవలేదు. తూర్పుకు తిరిగొచ్చాడనడం ఇంతకంటే గట్టిగా ఉంది. వరస మాత్రం ఎవరికీ తెలియదు. 62 ప్రాంతంలో విడుదలైతే, చనిపోయేలోపు మిగిలింది రెండు నుంచి ఆరేళ్లు, అందులో ప్రతి ఏటా నాలుగు నెలలు సముద్రం మూత. స్పెయిన్ ముందా, క్రేతు ముందా అని తేల్చి చెప్పేవాళ్ల పటాన్ని నమ్మకండి.

మరణం గురించి పెద్ద తగాదా లేదు. రోము, నీరో కాలం. రోము తగలబడింది 64 జూలైలో, నీరో చచ్చింది 68 జూన్‌లో, ఈ మధ్యలోనే. రోము పౌరుడు కాబట్టి కత్తితో తల తీశారంటుంది సంప్రదాయం. 200 ప్రాంతంలో గాయి అనే రోము క్రైస్తవుడు, అపొస్తలుల స్మారకాలు వాటికన్ దగ్గరా ఓస్తియా దారిలోనూ చూపించగలనన్నాడు. ఓస్తియా దారిలో ఇప్పుడున్న పౌలు బసిలికా కింద రాతి శవపేటికను ఈ శతాబ్దంలో తవ్వి చూశారు, లోపలి ఎముక ముక్కలు 1వ లేదా 2వ శతాబ్దానివని పరీక్షలో తేలినట్టు 2009లో పోపు ప్రకటించారు. అవి పౌలువేనని ఆ పరీక్ష చెప్పదు, కావని చెప్పే వీలూ లేకుండా చేసింది.

చివరిగా ఆ 29వ అధ్యాయం. అందులో పౌలు స్పెయిన్ నుంచి బ్రిటనుకు వెళ్లి, ఇప్పుడు లండన్‌లో సెయింట్ పాల్ కతీడ్రల్ ఉన్న గుట్ట మీద ప్రసంగించినట్టు ఉంటుంది. అది 1871లో లండన్‌లో అచ్చయింది. సొన్నీని అనే ఫ్రెంచి యాత్రికుడికి ఇస్తాంబుల్ సుల్తాను దగ్గర గ్రీకు ప్రతి దొరికిందని, దానికిది అనువాదమని అచ్చువేసినవాళ్లు చెప్పారు. సొన్నీని 1812లోనే చనిపోయాడు. గ్రీకు ప్రతిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాలు ఆంగ్లేయులేనని ప్రచారం చేసినవాళ్లకు ఈ కథ బాగా నచ్చింది, వాళ్లే మళ్లీ మళ్లీ అచ్చేసి బతికించారు. మీకు ఫార్వర్డ్ చేసిన అన్నగారిని ఒక్కటే అడగండి: గ్రీకు ప్రతి ఏ గ్రంథాలయంలో, ఏ నంబరు కింద ఉంది?